బిడ్డకు ఇల్లనగా నేమి?

ఇల్లు అనగానే పెద్దల మనస్సులో గోడలు, పైకప్పు, అద్దె, అప్పు, మరమ్మతు మెదలును. ఏడాది బిడ్డకు ఇవేవియు తెలియవు. ఆ బిడ్డకు ఇల్లనగా ఏడ్చినపుడు ఎత్తుకొను చేతులు, ఆకలి వేళకు అందు పాలు, చీకటిలో వినవచ్చు తెలిసిన గొంతు. గోడలు మారినను ఈ మూడును మారకున్నచో బిడ్డకు ఇల్లు మారినట్లు కాదు. గోడలు చెక్కుచెదరకున్నను ఇవి చెదరినచో బిడ్డకు ఇల్లు చెదరినట్లే. ఈ చిన్న విషయమును చక్కగా గ్రహించిన తల్లిదండ్రులకు శిశుపోషణలో సగము పని తెలిసినట్లు భావింపవచ్చును.

రైలు వెంట వచ్చిన కుటుంబములు

ఈ ప్రశ్నను పరిశీలించుటకు రైల్వే పట్టణము తగిన చోటు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో అర్పానది యొడ్డున బిలాస్‌పూర్ నగరమున్నది. మోప్కా ఆ నగరమును అంటియున్న ప్రాంతము. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. 1891 నాటికి నాగపూర్ నుండి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు దారి పడినది. 1931లో రాయపూర్ - విజయనగరము మార్గము పూర్తియైన పిదప ఉత్తరాంధ్ర పల్లెలకును ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునకును నేరుగా రైలుదారి కలిగినది. ఆ దారినే తెలుగువారు కూలీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా వచ్చి రైల్వే క్వార్టర్లలో కాపురములు పెట్టిరి.

ఆ కంపెనీ 1944లో ప్రభుత్వపరమై, 1952లో తూర్పు రైల్వేలో చేరి, 1955లో ఆగ్నేయ రైల్వేలో భాగమైనది. 2003లో బిలాస్‌పూర్ ముఖ్యస్థానముగా ఆగ్నేయ మధ్య రైల్వే వెలసినది. కార్యాలయముల పేర్లు ఇన్నిమార్లు మారినను ఇక్కడి తెలుగు కుటుంబములను వెన్నాడు ప్రశ్న మాత్రము మారలేదు. తండ్రి “మన ఊరు” అన్నపుడు అతని కన్నుల ముందు శ్రీకాకుళము జిల్లాలోని ఒక పల్లె నిలుచును. బిడ్డ ఆ పల్లెను వేసవి సెలవులలో పదిదినములు మాత్రమే చూచినాడు. తాను పుట్టి పెరిగిన క్వార్టరు రైల్వేవారిది. తండ్రి ఉద్యోగ విరమణ చేసిన పిదప దానిని ఖాళీ చేయక తప్పదు. ఊరు తండ్రిది, కట్టడము ప్రభుత్వముది. మరి ఈ బిడ్డకు తనదైన ఇల్లు ఏది?

దీనికి సమాధానము కలదు. అది ఇటుకలలో లేదు, కుటుంబపు నడవడిలో నున్నది.

నిలకడగల మనిషి

పుట్టిన కొలది వారములకే శిశువు తనను పెంచువారి గొంతును, వాసనను, ముఖమును గుర్తింప మొదలిడును. ఎనిమిది తొమ్మిది నెలల వయస్సు వచ్చుసరికి తెలిసినవారెవరో, కొత్తవారెవరో స్పష్టముగా వేరుచేయును. తల్లి కంటికి కనబడకున్న ఏడ్చును. కొందరు దీనిని మొండితనమని, గారాబమని నిందింతురు. నిజమునకు ఇది ఆరోగ్య లక్షణము. “ఈమె నాకు కావలెను, ఈమె పోయినచో తిరిగి రావలెను” అని గ్రహించునంతటి బుద్ధి బిడ్డకు కలిగినదని దీని యర్థము.

ఏడ్చిన ప్రతిసారి ఎవరో ఒకరు వచ్చి పలుకరించుచున్నచో బిడ్డ మనస్సులో ఒక నమ్మకము స్థిరపడును. ఆ నమ్మకమే తరువాత ధైర్యమగును. తల్లి ఒడి నుండి దిగి ప్రాకుచు పోయి, నాలుగడుగుల దూరమున వెనుదిరిగి చూచి, తల్లి అక్కడనే యున్నదని తెలిసికొని మరల ముందునకు సాగు బిడ్డను మనమందరము చూచియున్నాము. తిరిగి వచ్చుటకు చోటున్నదని తెలిసిన బిడ్డయే దూరము పోగలడు. పదియేండ్ల పిదప బడిలో, ఇరువదియేండ్ల పిదప కొలువులో ఆ బిడ్డకు ఉపకరించునది ఈ ధైర్యమే.

ఈ నిలకడగల మనిషి తల్లియే కానక్కరలేదు. తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ, తాత, పెద్దక్క, ఎవరైనను కావచ్చును. ఒకరికి మించి యున్నచో మరింత మేలు. కొలువు చేయు తల్లులు ఈ విషయమున అనవసరముగా బాధపడుచుందురు. బిడ్డకు కావలసినది రోజంతయు ఒక్కరి కాపలా కాదు. నమ్మకముగల కొద్దిమంది పెద్దలు వంతులవారీగా నున్నను చాలును. ఆ పెద్దలు మాత్రము తరచుగా మారరాదు.

శాస్త్రము చూపిన సాక్ష్యము

ఇది కేవలము పెద్దల అనుభవముచే చెప్పబడు మాట కాదు. 1945లో రెనె స్పిట్జ్ అను వైద్యుడు రెండు విధములగు శిశుగృహములను పోల్చి చూచెను. ఒకటి చెరసాలకు చేరిన శిశుగృహము; అచ్చట ఖైదీలగు తల్లులే తమ బిడ్డలను పెంచుకొనుచుండిరి. రెండవది అనాథ శిశువుల ఆశ్రమము. అచ్చట పరిశుభ్రత, ఆహారము, వైద్యము ఉండెను గాని ఒక్కొక్క దాది పలువురు శిశువులను చూడవలసి యుండుటచే వారిని ఎత్తుకొని ముద్దుచేయు తీరిక ఎవరికిని లేకుండెను. ఆశ్రమపు శిశువులు బరువు తగ్గిరి, మాటలు రాక వెనుకబడిరి, అంటువ్యాధులకు లొంగిపోయిరి. వారిలో పెక్కుమంది మరణించిరి. చెరసాలలో తల్లుల యొద్దనున్న శిశువులు చక్కగా పెరిగిరి. ఆ పరిశీలన జరిపిన పద్ధతిని తరువాతి పండితులు కొందరు విమర్శించిరి. అయినను అది లేవనెత్తిన ప్రశ్నను ఎవరును త్రోసివేయలేకపోయిరి.

1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై జాన్ బౌల్బీ అను బ్రిటిషు వైద్యుడు ఒక నివేదికను వ్రాసెను. శరీర ఆరోగ్యమునకు విటమినులు ఎంత అవసరమో, చిన్ననాట మనస్సు పెరుగుదలకు ఆప్యాయతగల పోషణ అంత అవసరమని అందలి సారాంశము.

మన కాలమునకు దగ్గరగా, రుమేనియా రాజధాని బుకారెస్ట్ నగరమున 2000వ సంవత్సర ప్రాంతమున ఒక అధ్యయనము మొదలైనది. ఆశ్రమములలో నున్న 136 మంది పసివారిలో సగము మందిని చీట్ల పద్ధతిని ఎన్నుకొని పెంపుడు కుటుంబములలో ఉంచిరి. కుటుంబములలో పెరిగిన పిల్లలు తెలివితేటలలోను, ఇతరులతో అనుబంధము పెంచుకొనుటలోను మెరుగైన ఫలితములను చూపిరి. రెండేండ్లు నిండకముందే కుటుంబమును చేరిన పిల్లలకు పలు విషయములలో మేలు అధికముగా కలిగినది. పుట్టునాటికి శిశువు మెదడు పెద్దవాని మెదడులో సుమారు నాలుగవ వంతు మాత్రమే. మూడేండ్లు నిండుసరికి అది సుమారు 80 శాతమునకు పెరుగును. కావున ఈ తొలియేండ్లలో ఇంటిలో జరుగు ప్రతి పలకరింపును మెదడు నిర్మాణములో ఒక భాగమే.

వేళకాని కొలువు, వేళ తెలిసిన ఇల్లు

రైల్వే కుటుంబములకు ప్రత్యేకమైన కష్టమొకటి కలదు. గూడ్సు బండి నడుపు లోకో పైలటు ఇంటిని ఉదాహరణముగా తీసికొందము. అతనికి పిలుపు అర్ధరాత్రి రావచ్చును, తెల్లవారుజామున రావచ్చును. ఒక చివర దిగి రన్నింగ్ రూములో విశ్రమించి, మరొక బండితో తిరిగి వచ్చుసరికి మరునాడగును. ఇంటికి చేరిన తండ్రి పగటివేళ నిద్రించును. అతని నిద్రపై వందలమంది క్షేమము ఆధారపడియున్నది గనుక ఇంటిలో నిశ్శబ్దము పాటింపవలెను. బిడ్డ దృష్టిలో తండ్రి యనగా, లేనప్పుడు లేనివాడు, ఉన్నపుడు నిద్రించువాడు. “అల్లరి చేయకు, నాన్న లేచును” అను బెదిరింపుతోనే తండ్రి పేరు ముడిపడును.

దీనికి పరిష్కారము కలదు. కొలువునకు వేళ లేకున్నను ఇంటికి వేళ యుండవచ్చును. బిడ్డ స్నానము, భోజనము, నిద్ర ప్రతిదినము ఒకే వరుసలో జరుగవలెను. ఒకటి రెండేండ్ల బిడ్డకు పగటి కునుకుతో కలిపి 11 నుండి 14 గంటల నిద్ర, మూడు నాలుగేండ్ల బిడ్డకు 10 నుండి 13 గంటల నిద్ర అవసరము. తండ్రి ఇంట నున్న దినమున అతడు తప్పక చేయు పని యొకటి యుండవలెను. తలకు నూనె రాయుట కావచ్చును, అన్నము కలిపి ముద్దలు పెట్టుట కావచ్చును, సాయంకాలము చేయి పట్టుకొని అంగడికి తీసికొనిపోవుట కావచ్చును. ఆ పని పావుగంటదైనను “ఇది నాన్న పని” అని బిడ్డకు తెలిసినచో తండ్రికి ఆ ఇంటిలో చోటు కుదిరినట్లే.

మరియొక జాగ్రత్త. పని మీద పోవుచున్నపుడు బిడ్డ ఏడ్చునను భయముతో కొందరు దొడ్డిదారిన జారుకొందురు. ఇది తగదు. చెప్పి పోయినచో బిడ్డ కొంతసేపు ఏడ్చి ఊరకుండును. చెప్పక పోయినచో, కన్ను మరల్చినంతనే మనుషులు మాయమగుదురను భయము బిడ్డలో నాటుకొనును. “డ్యూటీకి పోయి రేపు అన్నము వేళకు వత్తును” అని చెప్పి, ముద్దుపెట్టి పోవలెను. రాక ఆలస్యమైనచో ఆ సంగతి కూడ ఫోనులో చెప్పవలెను.

ఇంటి భాష

ఇచ్చటి తెలుగు బిడ్డ ఇంటిలో “అమ్మా” యని పిలుచును. ప్రక్కింటి ఛత్తీస్‌గఢీ బిడ్డ తల్లిని “దాయీ” యని, తండ్రిని “దదా” యని పిలుచుట వినును. బడిలో హిందీ నేర్చును. ఇన్ని భాషలు కలిసిన బిడ్డ బుద్ధి కలతపడునేమో యని కొందరు తలిదండ్రులు ఇంటిలో తెలుగు మానివేయుదురు. ఈ భయమునకు ఆధారము లేదు. పసివారు రెండు మూడు భాషలను ఒకేసారి నేర్వగలరు. మొదట కొన్ని మాటలు కలిపి పలికినను క్రమముగా వేరుచేసికొందురు.

ఇంటి భాషను మానివేయుటవలన నష్టము మాత్రము కలదు. సగము వచ్చిన భాషలో తల్లి ఆజ్ఞలీయగలదు గాని, కథలు చెప్పలేదు, పరిహాసమాడలేదు, దుఃఖములో ఓదార్చలేదు. వేసవిలో ఊరికి పోయినపుడు నాయనమ్మ చెప్పునది బిడ్డకు తెలియదు, బిడ్డ చెప్పునది నాయనమ్మకు తెలియదు. ఒకే ఇంటివారి నడుమ దుబాసీ కావలసివచ్చును. మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమునకు చేర్చబడిన 350ఎ అధికరణము రాష్ట్రములకు నిర్దేశించుచున్నది. బడిలో ఆ సౌకర్యము ఎంతవరకు లభించినను, ఇంటిబడి మూతపడకుండ చూచుట తల్లిదండ్రుల చేతిలోనిది.

ఇంటి భాషను నిలుపుకొనుట యనగా ఇరుగుపొరుగునకు దూరమగుట కాదు. సంక్రాంతికి భోగిపండ్లు పోయించుకొన్న బిడ్డ, ఇంచుమించు అదే రోజులలో పుష్య పూర్ణిమనాడు ఛత్తీస్‌గఢీ పిల్లలతో కలిసి ఇంటింట ధాన్యమడుగు ఛేర్‌ఛేరా పండుగలో పాల్గొనవచ్చును. పోలా పండుగకు మట్టి ఎద్దులతో ఆడుకొనవచ్చును. ఇంట చద్దన్నము తినిన బిడ్డకు ప్రక్కింటి “బాసీ” కొత్త వంటకము కాదు. తన ఇల్లు ఏదో తెలిసిన బిడ్డ ఎదుటి ఇంటికి బెరుకు లేక పోగలడు.

కలహము, దండన

భార్యాభర్తల నడుమ అభిప్రాయభేదములు సహజము. బిడ్డ ఎదుట అరచుకొనుట, కొట్టుకొనుట, అన్నము మానుట మాత్రము బిడ్డ ఆరోగ్యమునకు హాని చేయును. పసివాడు కలహమునకు తానే కారణమనుకొనును. ఇట్టి భయము దినదినము కొనసాగినచో శరీరములో కార్టిసోల్ అను ఒత్తిడి హార్మోను తరచు హెచ్చి నిద్రను, చదువును, ఎదుగుదలను దెబ్బతీయును. పక్క తడుపుట, కడుపునొప్పి, అకారణమైన ఏడుపు, బడి యనిన భయము మున్నగు లక్షణములకు మందు వెదకుటకు ముందు ఇంటిలోని వాతావరణమును కూడ పరిశీలింపవలెను. కలహము జరిగినచో, సమాధానపడుట కూడ బిడ్డ చూడవలెను.

దెబ్బలవలన బిడ్డ తప్పు మానుట నేర్వడు, తప్పును దాచుట నేర్చును. పలక పగిలినను, పరీక్ష తప్పినను, మొదట వచ్చి చెప్పుకొనుటకు ధైర్యము కలుగు చోటే ఇల్లు. ఆ చోటు లేనపుడు బిడ్డ మరియొక చోటు వెదకికొనును.

ఆసుపత్రిలో బిడ్డ

1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అను బ్రిటిషువాడు ఒక చలనచిత్రమును తీసెను. ఎనిమిది దినములు ఆసుపత్రిలో నున్న రెండేండ్ల బాలిక కథ అది. నాటి ఆచారము ననుసరించి తల్లిని తోడుండనీయలేదు. బాలిక పెద్దగా ఏడ్వలేదు. క్రమముగా ముడుచుకొని, తల్లి వచ్చినపుడు కూడ ముఖము త్రిప్పుకొనెను. ఊరకున్న బిడ్డ కుదుటపడిన బిడ్డ యని తలచుట పొరపాటని ఆ చిత్రము వైద్యులకు తెలిపినది. 1959లో బ్రిటనులో ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను వేళల నిర్బంధము లేక బిడ్డను చూడనీయవలెనని సిఫారసు చేసినది.

మన దేశములో బిడ్డ వెంట ఆసుపత్రికి తల్లియో, అమ్మమ్మయో పోవుట ఆచారము. ఇది మంచి ఆచారము, దీనిని విడువరాదు. సూది వేయునపుడు “నొప్పి యుండదు” అని చెప్పరాదు. “కొంచెము నొప్పి యుండును, నేను చేయి పట్టుకొందును” అని చెప్పవలెను. ఇంటినుండి ఒక పాత దుప్పటియో, బొమ్మయో తీసికొనిపోయినచో ఇంటిలో కొంత భాగము వెంట వచ్చినట్లుండును.

స్టేషనులో ఒంటరి బిడ్డ

ఇల్లు కోల్పోయిన బిడ్డను మొదట చూచునది రైల్వే స్టేషను. దెబ్బలకు తాళలేక, పరీక్ష తప్పి, పేదరికము వలన, లేదా ఎవరో ఆశపెట్టగా బండి ఎక్కిన పిల్లలు దేశమంతట స్టేషన్లలో దిగుచున్నారు. ఇట్టి పిల్లలను రక్షించుటకు రైల్వే రక్షక దళము 2018 నుండి “నన్హే ఫరిశ్తే” అను కార్యక్రమమును నడుపుచున్నది. ప్లాటుఫారముపై ఒంటరి బిడ్డ కనబడినచో “మనకెందుకు” అని సాగిపోరాదు. రైల్వే పోలీసులకు గాని, 1098 సంఖ్యగల బాలల సహాయవాణికి గాని తెలుపవలెను. 2015 బాలన్యాయ చట్టము ప్రకారము అట్టి బిడ్డను, ప్రయాణకాలము మినహా 24 గంటలలో, బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరుపవలెను. బిడ్డను ఆశ్రమములో ఉంచుట చిట్టచివరి మార్గమని, కుటుంబముతో కలుపుటయే మొదటి యత్నమని ఆ చట్టము చెప్పుచున్నది. ఇంటిలోనే హింస యున్నచో, బంధువులలోనో, పెంపుడు కుటుంబములోనో ప్రేమగల మరియొక ఇల్లు చూపవలెను.

ఇల్లు మారునపుడు

బదిలీ వచ్చినపుడు, విరమణ పిదప క్వార్టరు వదలునపుడు పెద్దలు సామాను లెక్కింతురు. బిడ్డ పోగొట్టుకొను వానిని లెక్కింపరు. నేస్తము, తాను నీరు పోసిన జామచెట్టు, కిటికీలోనుండి వినిపించు షంటింగు చప్పుడు, ఇవన్నియు బిడ్డ సామానే. కావున మార్పును ముందుగా చెప్పవలెను. కొత్త ఇంటిని వీలైనచో ముందే చూపవలెను. నేస్తములకు వీడ్కోలు చెప్పనీయవలెను. కొత్త ఇంటిలో మొదట బిడ్డ పక్కను, పుస్తకములను సర్దవలెను. తొలి రాత్రి పాత వేళకే భోజనము, పాత కథయే చెప్పవలెను. కొన్నినాళ్లు బిడ్డ చిరాకు పడినను ఓర్చుకొనవలెను.

తల్లిదండ్రులకు సూచనలు

1. బిడ్డకు తొలి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఈయవలెను. పాలిచ్చునపుడు బిడ్డ ముఖము చూచి మాటాడవలెను.
2. బిడ్డ పలికిన ప్రతి ధ్వనికి బదులు పలుకవలెను. మాటలు వచ్చుటకు ఇదియే తొలిపాఠము.
3. రెండేండ్ల లోపు బిడ్డకు ఫోను, టెలివిజను చూపరాదు. రెండు నుండి నాలుగేండ్ల బిడ్డకు దినమునకు ఒక గంటకు మించరాదు.
4. దినమున ఒక్క పూటయైనను ఇంటిలో నున్నవారందరు కలిసి భుజింపవలెను.
5. వయస్సునకు తగిన చిన్న పని బిడ్డకు అప్పగింపవలెను. ఇంటికి తాను కావలసినవాడనని బిడ్డకు తెలియవలెను.
6. తాతలను, అమ్మమ్మలను గూర్చి, మొదట ఈ ఊరికి వచ్చినవారిని గూర్చి కథలుగా చెప్పవలెను.
7. ఇచ్చిన మాట నిలుపుకొనవలెను. నిలుపుకొనలేనిచో కారణము చెప్పవలెను.
8. ఈడునకు తగిన మాట, నడక, ఆట కనబడనిచో ఆలస్యము చేయక అంగన్‌వాడీ కార్యకర్తకు గాని, వైద్యునికి గాని చూపవలెను.

ఆలోచింపదగిన ప్రశ్నలు

మీ ఇంటిలో బిడ్డ భయపడినపుడు మొదట ఎవరియొద్దకు పరుగెత్తును? ఆ మనిషి ఊరిలో లేనిచో రెండవవారు ఎవరు? నిన్న తండ్రి బిడ్డతో మాటాడిన మాటలలో ఆజ్ఞలెన్ని, కబురులెన్ని? బిడ్డ తన తప్పును తానే వచ్చి చెప్పి ఎన్ని దినములైనది? రేపు ఈ ఇల్లు ఖాళీ చేయవలసివచ్చినచో బిడ్డ వెంట వచ్చునది ఏమి?

ఈ చివరి ప్రశ్నకు ధైర్యముగా సమాధానము చెప్పగలిగిన కుటుంబము అద్దె ఇంటిలో నున్నను, క్వార్టరులో నున్నను, స్వంత ఇంటిలో నున్నను, ఆ బిడ్డకు ఇల్లు కలదు.